చూసి రావడం కాదు, చేసి రావాలి
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక మనమంతా గండికోట చూసి వస్తుంటాం. ఆ దారిలోనే ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల్లో ఏదో ఒక మగ్గం ముందు ఒక పూట కూర్చోమని నా మనవి.

మొన్న వేసవిలో మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. గుంతలో కాళ్లు పెట్టి చెక్క తొక్కుతూ, చేత్తో తాడు లాగితే నాడె పరుగెత్తాలి. పిల్లకు కాలూ చెయ్యీ కలిసేసరికి మధ్యాహ్నమైంది. తెగిన పోగును ఆ ఇంటి తల్లి క్షణంలో అతికారు. కండెలు చుట్టడం, ఆసు పోయడం కూడా ఆమె పనే. ఆ చాకిరీకి విడిగా కూలి లేదు.

పులివెందులలో మా వియ్యపురాలుగారు సంగటి నేర్పారు. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, కదపకుండా ఆవిరికి మగ్గనిచ్చి, అప్పుడు కట్టెతో గెలకాలి. తొందరపడితే ఉండలు కడుతుంది. చెనిగ్గింజల ఊరుబిండి రోట్లోనే నూరాం.

ఒక్క మాట మరవద్దు. నేతగాళ్లకు నేసినదానికే కూలి. మనకు నేర్పిన పూట మగ్గం ఆగుతుంది. ఆ పూట కూలి ముందే అడిగి ఇవ్వండి. అది దానం కాదు, గురుదక్షిణ.

2015 నుంచి ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటున్నాం. సభలు మంచివే. కానీ నేతగాళ్ల పిల్లలు వేరే పనులు వెతుక్కుంటున్నారు. చేతినుంచి చేతికి అందే విద్య మధ్యలో ఆగితే పుస్తకంలో దొరకదు. ఈ సెలవుల్లో మనవలను తీసుకుని బయలుదేరండి.