వేకువ పరుగు – నిదానమే ప్రధానం



మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన ఈ దూరమే 1921లో ప్రామాణికమైంది. నాడు ఇటలీ వీరుడు డొరాండో పియెత్రి అందరికంటే ముందుగా క్రీడాప్రాంగణం చేరాడు. కాని శక్తి ఉడిగి పదేపదే కూలిపోయాడు. నిర్వాహకులు చేయూతనిచ్చి గీత దాటించినందున అనర్హుడయ్యాడు. ఆరంభంలో నిదానించిన అమెరికా యువకుడు జాన్ హేస్‌కు స్వర్ణపతకం దక్కింది.

చంద్రపూర్ జిల్లా ఉప్పర్వాహి ప్రాంతపు యువకులకు ఈ పాఠం మరింత అవసరం. ఇక్కడి మే నెల ఎండలు దేశంలోనే తీవ్రమైనవి. వారానికొక పర్యాయం చేసే సుదీర్ఘ సాధన ఎండ ముదరకముందే ముగియాలి. అయితే ఇది పులులు సంచరించే జిల్లా. సిమెంటు లారీలు తిరిగే దారి. చీకట్లో ఒంటరిగా బయలుదేరడం సాహసం కాదు, అవివేకం. వెలుగు వచ్చిన పిదప, తోడుతో, తెలిసిన బాటలో సాగడమే శ్రేయస్కరం.

పక్కవారితో మాట్లాడగలిగినంత మెల్లగా పరిగెత్తాలి. అప్పుడు దేహం కొవ్వును అధికంగా వాడుకొని, కండరాలలోని గ్లైకోజెన్‌ను పొదుపు చేస్తుంది. తొందరపడినవారికి ఆ నిల్వ 30 కిలోమీటర్ల ప్రాంతంలోనే అడుగంటుతుంది. తల తిరిగినా, ఎండలో వణుకు పుట్టినా తక్షణం ఆగాలి. వెనుదిరగడం ఓటమి కాదు.

పరుగెత్తి పాలు త్రాగేకంటే నిలబడి నీళ్లు త్రాగడం మేలన్నారు పెద్దలు. పతకాలకై, మార్కులకై పిల్లలను తరిమే తల్లిదండ్రులు ఈ సామెతను మననం చేసుకోవాలి. 75 ఏళ్ల పాఠశాల సైతం ప్రతి ఉదయం గంట మ్రోగించుకొంటూ, నిదానంగానే ఇంత దూరం వచ్చింది.