రాబోవు సీజను : ఒక జోస్యము



ఆషాఢమాసమున మా పాతబస్తీ లాల్‌దర్వాజలో సింహవాహిని అమ్మవారికి బోనాలు జరుగును. మరునాడు రంగము. వానలు ఎట్లు కురియునో, పంటలు ఎట్లు పండునో, ఊరికి రోగములు వచ్చునో రావో యని జనులు ఊపిరి బిగబట్టి విందురు. ఆ సాయంకాలము నేను వీధి మొగలోని చాయ్ దుకాణమున కూర్చుండియుండగా మా వాడకట్టు పిల్లలు నలుగురైదుగురు నన్ను చుట్టుముట్టిరి.

“సార్, అమ్మవారు వానల ముచ్చట చెప్పింది. ఫుట్‌బాల్ ముచ్చట మీరు చెప్పుండ్రి. ఈసారి కప్పు ఎవలది?”

నేను ముప్పదియేండ్లు బడిలో లెక్కలు చెప్పినవాడను. లెక్కల పంతులు జోస్యము చెప్పరాదు. కాని ఫుట్‌బాలు విషయమున నాకా నిగ్రహము లేదు. ఒకసారి చెప్పి భంగపడితిని. ఆ కథ ముందు విన్నవించి, పిమ్మట జోస్యమునకు వత్తును.

2019లో హైదరాబాదు ఎఫ్.సి. అను జట్టు పుట్టెను. పుణె జట్టునకు బదులుగా ఇండియన్ సూపర్ లీగులో ప్రవేశించెను. తొలియేడు 18 ఆటలలో రెండే గెలిచి అట్టడుగున నిలిచెను. మరుసటి యేడు మనోలో మార్కెజ్ అను స్పెయిన్ దేశపు శిక్షకుడు వచ్చెను. ఆయన వచ్చిన యేడు ఐదవ స్థానము. ఆ పై యేడు ఏకముగా కప్పు! 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానమున కేరళ జట్టుతో ఆట 1-1గా ముగిసెను. పెనాల్టీలలో మన గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపగా, 3-1తో కప్పు మనదయ్యెను. ఆ రాత్రి మా వీధిలో పెండ్లి బాజాలు లేవన్నమాటయే గాని, తక్కిన సందడి యంతయు నుండెను. 2022-23లో లీగు పట్టికయందు మన జట్టునకు రెండవ స్థానము దక్కెను.

ఇట్టి జట్టును చూచి 2023లో నేను పట్టికలు ముందు వేసుకొని కూర్చుంటిని. గెలుపులు కూడితిని, ఓటములు తీసివేసితిని. మార్కెజ్ గోవా జట్టునకు పోయినాడని తెలిసియు దానికి తగిన బరువు నీయనైతిని. చాయ్ దుకాణపు గోడమీద బొగ్గుతో “హైదరాబాదు: మొదటి నాలుగింటిలో” అని వ్రాసి, క్రింద తేదీ కూడ వేసితిని.

ఆ యేడు మన జట్టు 22 ఆటలలో ఒక్కటి గెలిచెను, ఐదు సమముగా ముగిసెను, పదునారు ఓడెను. పండ్రెండు జట్లలో పండ్రెండవది! జీతముల బాకీలు, క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదను నిషేధము, ఉన్నవారు ఒకరి వెనుక నొకరు వెడలిపోవుట – ఇవి యేవియు నా పట్టికలో లేవు. పిల్లలు ఆ గోడవ్రాతను చెరుపలేదు. దుకాణమునకు సున్నము వేయువరకు నేనచ్చట చాయ్ త్రాగినప్పుడెల్ల అది నన్ను వెక్కిరించుచునే యుండెను. 2024-25లో మన జట్టు పదుమూడింటిలో పండ్రెండవదిగా నిలిచెను. 2025 అక్టోబరులో ఢిల్లీకి తరలిపోయి, పేరు సైతము మార్చుకొనెను.

ఈ భంగపాటు నా ఒక్కనిదే యని తలపకుడు. అమెరికాలో ఫుట్‌బాలు అను పేరు గల వేరొక ఆట కలదు. కోడిగ్రుడ్డువలె కోలగా నుండు బంతిని చేతబట్టి పరుగెత్తుదురు. మన ఊరికి ఆ యాట బొత్తిగా క్రొత్తది కాదు. 2012లో మన దేశమున ఆరంభమైన ఎలైట్ ఫుట్‌బాల్ లీగులో హైదరాబాదు స్కైకింగ్స్ అను జట్టుండెను. అమెరికాలో 32 జట్లు, జట్టొకటికి 17 ఆటలు. సీజను మొదలగుటకు ముందే కప్పు ఎవరిదో చెప్పుట అచ్చట ఒక పెద్ద వేడుక. ఆ చెప్పువారును తరచు భంగపడుదురు. 2007లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు సీజనులోని 16 ఆటలకు 16 గెలిచి, 2008 ఫిబ్రవరిలో జరిగిన తుదియాటలో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 17-14తో ఓడెను. 1969 జనవరిలో దీనికి తారుమారు జరిగెను. ఓడునని యెల్లరు చెప్పిన న్యూయార్క్ జెట్స్ జట్టులోని జో నేమత్ అను ఆటగాడు, మేము గెలుతుమని తుదియాటకు మూడు దినములు ముందుగా హామీ యిచ్చి, 16-7తో గెలిచి చూపెను.

అచ్చట జోస్యము ఫలింపకుండుటకు ఒక కారణము కలదు. క్రిందటి యేడు కడపట నిలిచిన జట్టునకే కళాశాలలనుండి వచ్చు క్రొత్త ఆటగాండ్రలో మొదట ఎన్నుకొను వంతు నిత్తురు. జీతముల మొత్తమునకు అన్ని జట్లకు ఒకే హద్దు పెట్టుదురు. అనగా బలవంతుని కొంత తగ్గించి, బలహీనుని కొంత లేపుట ఆ లీగు ఏర్పాటులోనే యున్నది. కడపటి జట్టునకు మొదట ఎన్నుకొను అట్టి వంతు మన దేశపు లీగులో లేదు. ఇచ్చట జట్టును లేపునదియు పడగొట్టునదియు యజమాని ధనపు సంచియే.

అయినను శ్రోతలారా, హైదరాబాదు ఫుట్‌బాలు జోస్యము చెప్పుట మిక్కిలి సులభమైన కాలమొకటి యుండెను. 1950 మొదలు 1954 వరకు బొంబాయి రోవర్సు కప్పును వరుసగా ఐదేండ్లు గెలిచినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. 1950లోనే మోహన్‌బగాన్ జట్టు నోడించి డ్యూరాండ్ కప్పును తెచ్చినదియు వారే. 1956-57, 1957-58 సంవత్సరములలో సంతోష్ ట్రోఫీ హైదరాబాదుదే. ఆ దినములలో కప్పు ఎవరిదని అడిగినచో చిన్నపిల్లవాడైనను చెప్పగలిగెడివాడు.

దానికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన ధనవంతుడు కాడు, బడిపంతులు. అందుచేతనే కాబోలు, ఆటగాండ్రను ఎట్లు కొనవలెనని గాక, ఎట్లు తయారు చేయవలెనని ఆలోచించెను. పిల్లలకు ఆయన పెట్టిన పోటీలు విచిత్రమైనవి. ఒక పోటీలో కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితోనే తన్నవలెను. మరియొక పోటీలో బంతిని కాలివద్ద నుంచుకొని తిప్పుట నిషిద్ధము; వెంటనే తోడివానికి అందింపవలెను. ఆ పిల్లలు పెద్దవారైనప్పుడు వారికి చెడ్డకాలు అనునది లేకపోయెను.

ఫలితము లోకమెరిగినదే. రహీం శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టయ్యెను. పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరాం – ఇట్లు ఆ జట్టులో మన జంటనగరములవారు పలువురుండిరి. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1తో మరల స్వర్ణము. అప్పటికే రహీంను కేన్సరు వ్యాధి పట్టియుండెను. 1963 జూన్ 11న ఆయన కన్నుమూసెను. 2024లో విడుదలయిన “మైదాన్” అను హిందీ చలనచిత్రము వలన మా వీధి పిల్లలకు సైతము ఆయన పేరు తెలిసినది.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. కొనితెచ్చిన జట్టు మూడేండ్లలో శిఖరమెక్కి, మరి రెండేండ్లలో లోయలో పడెను. ఆ యాటగాండ్రను నేను తక్కువ చేయను. వారు గెలిచిన కప్పు నిజమైన కప్పే. కాని ఆ చెట్టునకు మా నేలలో వేరు లేదు. రహీం పెంచిన చెట్టునకో, చాదర్‌ఘాట్ బడులలోను, విక్టోరియా మైదానములోను, ఫతేమైదానములోను, బర్కస్ గల్లీలలోను వేళ్లుండెను. పట్టికను చూచి చెప్పిన జోస్యము ఒక యేడు నిలుచును. మైదానమును చూచి చెప్పినది ఒక తరము నిలుచును. లెక్కల పంతులనై యుండియు ఈ లెక్క నాకు ఆలస్యముగా తెలిసినది.

ఇక నా జోస్యము. రాబోవు సీజనులో దేశపు పెద్ద కప్పు కలకత్తా, గోవా, బొంబాయి, బెంగుళూరు – ఈ నాలుగు ఊళ్లలో నొకదానికి పోవును. అచ్చట ఆట గల్లీనుండి పుట్టి క్లబ్బువరకు సాగినది. హైదరాబాదు పేరు అందుండదు. ఇది పిల్లలకు చెప్పితిని. వారిలో చిన్నవాడు, పదేండ్లుండవు, చాయ్ గ్లాసు బల్లమీద పెట్టి నన్నడిగెను: “మన జట్టే లేకపాయె. మరి ఎవల దిక్కు ఉండి చూడాలె సార్?”

నాకు వెంటనే సమాధానము దొరకలేదు. మా వీధి చివర నేను చిన్ననాడు ఆడిన ఖాళీస్థలము ఇప్పుడు బండ్లు నిలుపు తావు. వారమునకొక ఉదయము మాత్రము అది కొంత ఖాళీగా నుండును. కొంతసేపటికి, “ఆదివారము ప్రొద్దున ఆరు గంటలకు బంతి తీసుకొని రారా. నీ దిక్కే ఉండి చూస్తా” నంటిని.

వారు వచ్చిరి. తొలిదినము తొమ్మండుగురు, మూడవ ఆదివారమునకు ఇరువదిమందికి పైగా. రహీం నియమమునే పెట్టితిని: వాటమున్న కాలు తగిలినచో బంతి ఎదుటివారిది. మొదట ఒక్కరును సూటిగా తన్నలేకపోయిరి. నవ్వి నవ్వి బోర్లపడిరి. నన్ను ప్రశ్నించిన ఆ చిన్నవాడు నాలుగవ వారమున ఎడమకాలితో ఒక బంతిని రెండు బండ్ల నడుమనుండి కొట్టెను. అది వాని మొదటి గోలు.

మొన్న దుకాణదారు తనంతట తానే నాకు బొగ్గుముక్క అందించి, “ఈసారి ఏమి వ్రాసెదరు?” అని గోడ చూపెను. జట్టు పేరు వ్రాయలేదు. “ఆదివారము, 6 గంటలు, ఎడమకాలి ఆట” అని మాత్రము వ్రాసితిని. నేను వ్రాసిన జోస్యములలో ఇంతవరకు తప్పనిది ఇదియొక్కటే. మీ వీధిలోను ఒక గోడ, ఒక బంతి ఉండకపోవు. పిల్లలు మిమ్మును కప్పు ఎవరిదని అడిగినప్పుడు, ఒక్క ఉదయము వారితో మైదానమునకు పోయి, పిమ్మట చెప్పుడు.