మండీ చీటీలకు ఏ ఫైలు మేలు?



కోలారు ఏపీఎంసీ దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. అక్కడ ఒక మండీలో రోజుకు వెయ్యి చీటీలు రాస్తారనుకుందాం. వాటిని ఎక్సెల్‌లో ఎక్కిస్తూ పోతే మూడేళ్లు తిరక్కుండానే షీటు నిండిపోతుంది. ఒక్కో షీటుకు 10,48,576 వరుసలే మరి. 2007కు ముందు ఎక్సెల్‌లో 65,536 వరుసలే ఉండేవి. 2020లో ఇంగ్లండులో ఆ పాత రకం ఫైలు వాడటం వల్లే దాదాపు 16 వేల కోవిడ్ కేసులు సమయానికి లెక్కకు రాలేదు. ఎంత ప్రమాదమో చూడండి!

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ లెక్క వేరు. అక్కడ వరుసలకు హద్దు లేదు, ఫైలు సైజుకే హద్దు: 2 జీబీ. చీటీకి 200 బైట్లు పట్టినా సుమారు కోటి చీటీలు. త్వరగా వెతకడానికి తోడ్పడే ఇండెక్సులు కూడా అందులోనే ఉంటాయి కనుక కొంత తగ్గించుకోండి. అయినా ఏళ్ల తరబడి సరిపోతుంది. పైగా రైతు పేరు, ఫోను నంబరు ఒక్కచోట రాస్తే చాలు, ప్రతి చీటీలో మళ్లీ రాయక్కర్లేదు. నాకు నచ్చిన గుణం ఇదే.

ఫొటోలు మాత్రం యాక్సెస్ ఫైలు లోపల పెట్టకండి. రెండేసి ఎంబీల ఫొటోలు వెయ్యి చేరితే ఫైలు నిండినట్లే. చీటీలు చెరిపేసినా సైజు తగ్గదు, కాంపాక్ట్ చేయాలి. ఒకటిన్నర జీబీ దాటితే ఉచితంగా దొరికే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌కు మారండి. దాని హద్దు 281 టెరాబైట్లు.