ఆరోగ్య కేంద్రం గుత్తకు పోతే మనం చూడవలసిన కాగితం
(సంఘం వార్షిక సభలో ఆరోగ్య విభాగం తరపున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మనం చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళ దుబారా గురించి మాట్లాడుకుంటూ వస్తున్నాము. ఈసారి మేము ఎత్తుకున్న విషయం కొంచెం పొడిగా కనిపిస్తుంది. బస్తీ ఆరోగ్య కేంద్రాలను, ఊరూరా తిరిగే వైద్య వాహనాలను ప్రభుత్వం టెండరు పిలిచి బయటి సంస్థలకు అప్పగించడం గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. టెండరు అనగానే అది రోడ్ల కాంట్రాక్టర్ల సంగతి, మనకెందుకులే అనిపిస్తుంది. కాని ఇంట్లో నానీమాకు షుగరు మాత్ర నెలనెలా అందుతుందా, అందదా అన్నది చాలాసార్లు ఆ టెండరు కాగితంలోనే తేలిపోతుంది. పైగా ఈ ఏడాది కొందరు సభ్యులు ఒక మంచి ప్రశ్న వేశారు. “మన సంఘమే ఒక ఆరోగ్య కేంద్రాన్ని తీసుకుని ఎందుకు నడపరాదు?” అని. దానికి మా జవాబు చివర మనవి చేస్తాము. ముందు ఈ వ్యవహారం మన రాష్ట్రంలో ఎట్లా నడిచిందో చూద్దాం.

ఇది నిన్నగాక మొన్న పుట్టిన పద్ధతి కాదు. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ మురికివాడల ఆరోగ్య పథకం మొదలైంది. దాని కింద 74 పట్టణాలలో 192 పట్టణ ఆరోగ్య కేంద్రాలు పెట్టి, వాటిని నడిపే పనిని స్వచ్ఛంద సంస్థలకు ఒప్పందం మీద ఇచ్చారు. ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, సంస్థ మనుషులను పెట్టి నడుపుతుంది. 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చింది. సుమారు 50 వేల జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని అది లెక్క కట్టింది. 2016లో రాష్ట్రంలో 222 కేంద్రాలను ముఖ్యమంత్రి ఆరోగ్య కేంద్రాలు అని పేరు పెట్టి, ప్రైవేటు సంస్థలకు టెండరు మీద ఇచ్చారు. పెద్ద డాక్టరును కంప్యూటరు తెర మీద చూపించే ఏర్పాటు కూడా పెట్టారు. 2019లో ప్రభుత్వం మారాక ఆ ఏర్పాటు ముగిసి, కేంద్రాలు మళ్ళీ వైద్య ఆరోగ్య శాఖ చేతికి వచ్చాయి.

పల్లెలకు వచ్చే 104 బండి కథా అంతే. 2008లో హెచ్.ఎం.ఆర్.ఐ. అనే సంస్థ ద్వారా మొదలైంది. నెలకొక తేదీ పెట్టుకుని ఊరికి వచ్చి, బీపీ, షుగరు చూసి, గర్భిణులను పరీక్షించి, నెలకు సరిపడా మాత్రలు ఇచ్చిపోవడం దాని పని. తరువాత కొన్నాళ్ళు ప్రభుత్వమే నడిపింది. 2016లో చంద్రన్న సంచార చికిత్స అని పేరు మారి ఇంకొక సంస్థకు పోయింది. 2020 జూలైలో కొత్త బండ్లతో మరొక సంస్థకు పోయింది. పేరు మారింది, బండి రంగు మారింది, సంతకం పెట్టేవాడు మారాడు. మారనిది ఒక్కటే, బండి కోసం రచ్చబండ కాడ కూర్చున్న ముసలాయన షుగరు.

మన జిల్లాకు ఈ ప్రైవేటు, ప్రభుత్వ జోడింపు కొత్తేమీ కాదు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాదు వచ్చినప్పుడు ప్రారంభించిన టెలిమెడిసిన్ కేంద్రం మన అరగొండలోదే. చిత్తూరు జిల్లా కేంద్ర ఆసుపత్రిని ప్రైవేటు మెడికల్ కాలేజీకి బోధనాసుపత్రిగా ఒప్పందం మీద జోడించినదీ మనం చూసిందే. కాబట్టి ప్రైవేటు అంటే పాపమనీ, ప్రభుత్వమంటే పుణ్యమనీ మేము చెప్పబోవడం లేదు. డాక్టరు లేని ప్రభుత్వ కేంద్రాలనూ చూశాము, శ్రద్ధగా నడిచిన స్వచ్ఛంద సంస్థలనూ విన్నాము. పక్కనున్న కర్ణాటకలో గుంబళ్ళి అనే పల్లె ఆరోగ్య కేంద్రాన్ని 1996లో కరుణా ట్రస్టు తీసుకుని, ఊరివాళ్ళు మెచ్చేటట్టు నడిపింది. తేడా ఎక్కడ వస్తుంది మరి?

మన సీమలో చింతచెట్టును గుత్తకు ఇస్తారు కదా. గుత్త తీసుకున్నవాడు ఆ ఏటి కాయ రాల్చుకుని పోతాడు. చెట్టుకు పాదు చేయడు, నీళ్ళు పోయడు. అది వాని తప్పు కాదు, గుత్త మాటలో పాదు సంగతి లేదు. ఆరోగ్య కేంద్రం కూడా అట్లాంటిదే. తెల్లారి వచ్చిన దగ్గుకు మందు ఇవ్వడం కాయ కోయడం వంటిది. బాలింతను ఇంటికి పోయి చూడటం, టీకాకు రాని బిడ్డను వెతికి తేవడం, క్షయ మందు మధ్యలో మానేసినవాణ్ణి బతిమాలి మళ్ళీ మొదలు పెట్టించడం, ఇవి పాదు చేయడం వంటివి. కాగితంలో రాయకపోతే రెండవ పని జరగదు.

డబ్బు ఎట్లా ఇస్తారన్నది కూడా చూడాలి. నెలకింత అని గంపగుత్తగా ఇస్తే, రోగులు తక్కువ వచ్చినా అంతే డబ్బు. నర్సు ఖాళీ నింపకపోతే మిగులు. వచ్చిన రోగికింత అని ఇస్తే, పుస్తకంలో పేర్లు పెరుగుతాయి, ఒకే మనిషి నాలుగుసార్లు తిరగవలసి వస్తుంది. పేరు నమోదు చేసుకున్న మనిషికి ఏడాదికింత అని ఇస్తే, ఆ మనిషి ఆరోగ్యంగా ఉంటేనే సంస్థకు సుఖం. అయితే జబ్బు మనుషులను నమోదు చేసుకోకుండా తప్పించుకునే ఆశ పుడుతుంది. ఇంగ్లాండులో 1948 నుంచీ కుటుంబ వైద్యులు ప్రభుత్వ ఉద్యోగులు కారు, ఒప్పందం మీద పనిచేసేవారే. వారి రాబడిలో పెద్దభాగం ఈ మూడవ పద్ధతిలోనే వస్తుంది. ఏ పద్ధతిలోనైనా ఒక ఆశ దాగి ఉంటుంది. దానికి కళ్ళెం వేసే షరతు రాశారా లేదా అన్నదే ప్రశ్న.

ఇంకొకటి. అందరికన్నా తక్కువ ధర వేసినవానికి పని ఇవ్వడం టెండరులో అలవాటు. మోరీ కట్టడానికి అది సరిపోవచ్చు. వైద్యంలో ఖర్చు అంతా జీతాలు, మందులు, పరీక్షలే. ధర తగ్గించాలంటే వీటిలోనే కోయాలి. అందుకని ముందు పనితనానికి మార్కులు వేసి, తరువాత ధర కవరు విప్పే పద్ధతి కూడా ఉంది. కంబోడియా దేశంలో 1999లో కొన్ని జిల్లాల వైద్యాన్ని స్వచ్ఛంద సంస్థలకు ఒప్పందం మీద ఇచ్చినప్పుడు, టీకాలు, గర్భిణుల పరీక్షలు ఎంత పెరగాలో లక్ష్యాలు రాశారు. పేదలకు ఎంత అందాలో కూడా రాశారు. ముందూ వెనకా ఇంటింటి సర్వే చేసి కొలిచారు. అక్కడ ఒప్పందపు జిల్లాలు మెరుగైన ఫలితం చూపాయి. మా దృష్టిలో అక్కడి గుట్టు, సంస్థ ఎవరిదన్నదానిలో కన్నా కొలతను ముందే రాసుకోవడంలో ఉంది.

ఈ రాసుకోవడమన్న మాట మనకు పరాయిది కాదు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరా బఖరాలో 282వది. అది నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు, అప్పు పత్రం గురించి. గడువు పెట్టుకుని ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని అది చెబుతుంది. బాధ్యత పడేవాడు చెప్పి రాయించలేని బలహీనుడైతే, అతని వలీ న్యాయంగా రాయించాలని కూడా చెబుతుంది. ఆ సూత్రాన్ని ఇక్కడికి తెచ్చుకుని ఆలోచించండి. ఆరోగ్య కేంద్రం ఒప్పందంలో ఒక పక్క ప్రభుత్వం, ఒక పక్క సంస్థ సంతకం పెడతాయి. రోగి సంతకం లేదు. ఆ రోగికి వలీ ఎవరు?

మన పూర్వీకులు ఈ సంగతి బాగా ఎరుగుదురు. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన బీమారిస్తాన్‌కు వక్ఫ్ పత్రం రాయించాడు. ధనికులకు, పేదలకు, ఆడవారికి, మగవారికి, ఊరివారికి, పరదేశికి అందరికీ చికిత్స అని అందులో షరతు. కట్టించినవాడు పోయినా, నడిపేవాడు మారినా, ఆసుపత్రి తరతరాలు నిలవడంలో ఆ పత్రం పాత్ర చిన్నది కాదు.

మరి మన బస్తీ కేంద్రం కాగితంలో ఏముండాలి? మేము అయిదు సంగతులు అనుకున్నాము.

ఒకటి, వేళలు. ఆటో తోలేవాడు, మెకానిక్ షెడ్డు కుర్రవాడు, టమాటా మండీ కూలీ పొద్దున తొమ్మిదికి ఆసుపత్రికి పోతే ఆ రోజు కూలి పోతుంది. పట్టణ ఆరోగ్య మిషన్ మొదటి మార్గదర్శకాలలోనే మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా తెరిచే వేళలు సూచించారు. సాయంత్రం తెరవాలన్నది ఒప్పందంలో ఉండాలి.

రెండు, మనుషులు. డాక్టరమ్మ వారంలో ఏ రోజులు ఉంటుందో రాయాలి. మన ఆడవాళ్ళలో చాలామంది మగ డాక్టరుకు చెప్పుకోలేక జబ్బును ముదరబెట్టుకుంటారు. ఉర్దూ అర్థమయ్యే ఒక్క మనిషైనా ఉండాలి. తమిళం మాట్లాడే ఇరుగుపొరుగు వారికీ అంతే. డాక్టరు రాని రోజుకు జుర్మానా ఎంతో కూడా రాయాలి.

మూడు, మందులు. బీపీ, షుగరు మాత్రలు ఎన్ని రోజులకు సరిపడా నిల్వ ఉండాలి, అయిపోతే ఎవరు కొని ఇవ్వాలి.

నాలుగు, చీటీ. రోగి రికార్డు సంస్థది కాదు, రోగిది. కాంట్రాక్టు మారినా పాత పరీక్షలన్నీ కొత్తవారికి అప్పగించి పోవాలి.

అయిదు, ముగింపు. సంస్థ మధ్యలో చేతులెత్తేస్తే ఏం జరుగుతుంది? 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సంస్థకు సత్యం రామలింగరాజు గారు వెన్నుదన్ను. 2009లో సత్యం కంపెనీ కుప్పకూలింది. 108 ఆగిపోలేదు, జి.వి.కె. వచ్చి చేపట్టింది. అప్పటికే ఖర్చులో పెద్దవాటా ప్రభుత్వానిది కాబట్టి నిలబడింది. ప్రతిచోటా అట్లా కలిసిరాదు. కొత్తవారు వచ్చేవరకు పాతవారు తలుపు మూయరాదన్న షరతు, దానికి తగ్గ ధరావతు ఉండి తీరాలి.

ఇక సభ్యుల ప్రశ్న. మనమే టెండరు వేద్దామా? మా విభాగం బాగా ఆలోచించి ఇచ్చే సలహా, వద్దని. ధైర్యం లేక కాదు. కేంద్రాన్ని నడిపేవాడు ప్రతి నెలా బిల్లు కోసం ఆఫీసు మెట్లు ఎక్కాలి. బిల్లు ఆగితే నర్సు జీతం ఆగుతుంది. ఆ ఆఫీసునే మనం గట్టిగా ప్రశ్నించగలమా? మందు లేదని పక్కింటి బీబీ కోప్పడితే, ఆమె తరపున మాట్లాడవలసిన మనమే జవాబు చెప్పుకునే వాళ్ళమవుతాము. ఫిర్యాదు తీసుకునేవాడు, ఫిర్యాదు పడేవాడు ఒక్కడే కారాదు. ఇంకొక సంగతి, ఆ కేంద్రం మొహల్లా అందరిది. అది ఫలానా వారి ఆసుపత్రి అన్న పేరు పడితే, పక్క వీధి వారు రావడానికి సంకోచిస్తారు. అది ఎవరికీ మంచిది కాదు. గుత్తదారు ఎవరో ఒకరు దొరుకుతారు. వలీ దొరకడమే కష్టం. మన సంఘం ఆ పని ఎత్తుకోవాలి.

ఇది గాలిమాట కాదు, దారులున్నాయి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. కేంద్రాన్ని ఎవరు నడిపినా, నడిపించేది ప్రభుత్వ డబ్బు. ఒప్పందం ఉన్నచోట దాని నకలు అడగవచ్చు, ప్రభుత్వమే నడిపే చోట సిబ్బంది, మందుల వివరం అడగవచ్చు. మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుము ఊరి స్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, పై ఆఫీసుల్లో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పట్టణ ఆరోగ్య మిషన్ కింద 50 నుంచి 100 ఇళ్ళకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలని ఉంది. ఏడాదికి 5 వేల రూపాయల నిధి కూడా పెట్టారు. మన అక్కచెల్లెళ్ళు అందులో పేరు రాయించుకోవాలి. చదువుకున్న మన పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున నెలకొకసారి కేంద్రానికి పోయి, డాక్టరు వచ్చిన రోజులు, లేని మందులు, వెనక్కి పోయిన రోగులు ఒక నోటుపుస్తకంలో రాయాలి. కొట్లాటకు కాదు, సాక్ష్యానికి. మంచి జరిగితే అదీ రాయాలి. కష్టపడే నర్సమ్మకు మన మాట బలం కావాలి.

ఈ సభలో మా విన్నపం ఇదే. తిరుపతిలో ఒక కేంద్రం, చిత్తూరులో ఒక కేంద్రం ఎంచుకుని, వచ్చే సభనాటికి పన్నెండు నెలల లెక్క మీ ముందు పెట్టాలని తీర్మానం చేయండి. పేర్లు ఇవ్వదలచిన యువకులు, ముఖ్యంగా ఆడపిల్లలు, భోజనాలయ్యాక మా విభాగం బల్ల దగ్గరకు రండి. పుస్తకాలు కొని సిద్ధంగా పెట్టాము.