ఉద్యానరచనయు యోగ్యతాపత్రమును



ఈ మహాసభయందు విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుడని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. వైద్యవిద్యను గూర్చియు ఇంజనీరింగును గూర్చియు పెద్దలు ప్రతివత్సరము చెప్పుచునే యున్నారు గాన మేము వేరొక వృత్తిని గూర్చి ప్రసంగింపదలచితిమి. మనవారిలో పలువురు కడియము, కడియపులంక ప్రాంతముల నర్సరీలలో అంట్లు కట్టి, మొక్కలు పెంచి జీవించుచున్నారు. ఆ మొక్కలు లారీల కెక్కి దూరనగరములకు పోవుచున్నవి. అచ్చట ఏ మొక్క యెచ్చట నుండవలయునో నిర్ణయించి, ప్లాను గీచి, క్రింద సంతకము చేయువాడు మాత్రము వేరొకడు. మొక్క పెంచినవానికి మొక్క ధర ముట్టును. తోటకు కర్తయను పేరు ఆ సంతకమునకు దక్కును. ఆ సంతకపు యోగ్యతను మన బిడ్డలు సంపాదించు మార్గమెట్టిదో విచారింతము.

విద్య మనకు క్రొత్తది కాదు. క్రీ.శ. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక యధ్యాయమునే కేటాయించెను. చెట్టునకు చెట్టునకు నడుమ 20 హస్తముల యెడ ముత్తమమనియు, 16 మధ్యమమనియు, 12 కనిష్ఠమనియు, వేళ్ళును కొమ్మలును ఒరసికొనిన చెట్లు చక్కగా ఫలింపవనియు ఆయన చెప్పెను. నేటి ఉద్యానరచయిత కాగితముపై గీయు వృత్తములును ఈ యెడమునే తెలుపును. సురపాలుని వృక్షాయుర్వేదమును 1996లో సికిందరాబాదునందలి ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషనువారు ఆంగ్లానువాదముతో ప్రకటించిరి. అయినను, తాతలు నేతులు త్రాగిరని మన మూతులు వాసన చూపినచో ఉద్యోగ మిచ్చువా డెవడు?

మన దేశమున 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టము ‘ఆర్కిటెక్టు’ అను పేరును మాత్రమే రక్షించుచున్నది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చరు రిజిస్టరులో నెక్కనివాడు ఆ పేరు పెట్టుకొనరాదు. ‘ల్యాండ్‌స్కేపు డిజైనరు’ అను పేరున కట్టి శాసనబద్ధమగు రిజిస్టరు లేదు. ఎవడైనను బోర్డు కట్టవచ్చును. ఇదియే చిక్కు. మా యెరుకలోని యొక యువకుడు కొలదినెలల ‘డిప్లొమా’కై తండ్రి యమ్మిన యెడ్లజత సొమ్మును ధారపోసెను. బంగారుటంచుల కాగితము చేతికి వచ్చినది. దానిని ఏ విశ్వవిద్యాలయమును ఎరుగదు. కాబట్టి తలిదండ్రులు ముందుగా అడుగవలసిన ప్రశ్న, ఈ పత్రము నిచ్చువా డెవడు, దానిని మన్నించువా డెవడు అనునదే.

శాసనసమ్మతమైన దారి దీర్ఘమైనది. 5 ఏండ్ల బి.ఆర్క్., పిమ్మట 2 ఏండ్ల ల్యాండ్‌స్కేపు విషయకమగు ఎం.ఆర్క్. విజయవాడలో 2008లో స్థాపితమైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చరునందు ఈ పైచదువు గలదు గాన ఢిల్లీ దాక పోవలసిన యవసరము లేదు. కాని బి.ఆర్క్. ప్రవేశమునకు ఇంటర్మీడియెటులో గణితము తప్పనిసరి. ఈ సంగతి తెలియక, మొక్కలపై మక్కువగల పిల్లవానిని బై.పి.సి.లో చేర్చి రెండేండ్ల పిమ్మట విచారించువారు కలరు. బై.పి.సి. చదివినవారికి వేరు ద్వారము గలదు: 4 ఏండ్ల ఉద్యానశాస్త్రపట్టము, ఆపై పుష్పోద్యాన, ల్యాండ్‌స్కేపు శాఖలో ఎం.ఎస్సి. వెంకటరామన్నగూడెమునందలి ఉద్యానవిశ్వవిద్యాలయము మన యింటిముంగిటనే యున్నట్లున్నది. ఈ దారిని వచ్చినవాడు ఆర్కిటెక్టు కాడు. ఐనను మట్టి నెరిగిన డిజైనరు కాగలడు, మా దృష్టిలో నదియు తక్కువ గాదు. ఇక బడి మానినవారికి అగ్రికల్చర్ స్కిల్ కౌన్సిలువారి ‘గార్డెనర్’ ధ్రువపత్రము గలదు. అది తోటమాలి నైపుణ్యమునకే గాని రచనకు గాదు. ఈ భేదమును దాచి చెప్పువారిని నమ్మరాదు.

అమెరికాలోని మన బంధువులకు మరొక మాట. అచ్చట ‘ల్యాండ్‌స్కేపు ఆర్కిటెక్టు’ అనునది రాష్ట్రప్రభుత్వ మిచ్చు లైసెన్సు. కాలిఫోర్నియా 1953లో మొట్టమొదట నీ వృత్తిని శాసనపరిధిలోనికి దెచ్చెను. పరీక్షకు 4 భాగములు గలవు. ‘డిజైనరు’లకై 1989లో ఏర్పడిన అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ ల్యాండ్‌స్కేప్ డిజైనర్స్ అను సంఘము అభ్యర్థి రచించిన తోటల ప్లానులను తోటివృత్తివారిచే పరిశీలింపజేసి యోగ్యతాపత్ర మొసగుచున్నది. ఇది ప్రభుత్వలైసెన్సు గాదు, వృత్తిసంఘమర్యాద.

పరిశీలకులు ప్లానులలో చూచున దేమి? స్థలము కొలతకు సరిగా గీయబడినదా, నేలవా లెటు, వాననీ రెటు పోవును, నేటి మొలక ఇరువదేండ్లకు ఎంత నీడ పరచును, మొక్కలపట్టికలో పేరు తప్పు లేక యున్నదా అని. పేరు విషయమున అమరము చదివినవారికి నవ్వు రాక మానదు. అందు కేసరమనగా పొగడయు నగును, నాగకేసరమును నగును. ‘కేసరము 12’ అని వ్రాసినచో కంట్రాక్టరు దేనిని దెచ్చును? అందువలననే పొగడను మైముసాప్స్ ఎలెంగి యనియు, నాగకేసరమును మెసువా ఫెర్రియా యనియు లాటినున వ్రాయుదురు. ఈ లాటిను పేర్లను పెక్కింటిని మన నర్సరీ పిల్లలు కంఠస్థముగా నప్పగింతురు! వారికి కొరవడినది గీత, కొలత. చదువుకొన్నవారికి కొరవడినది మట్టి.

కావున పోషకమహాశయులకు మా విన్నపము. విద్యానిధినుండి ఏటేట ఒక్క విద్యార్థివేతనమును ఈ చదువున కేటాయింపుడు. నర్సరీ కుటుంబపు బిడ్డకు, ఆడుపిల్లయైనచో మొదట, ఇండు. వేసవిసెలవులలో మన వసతిగృహమునందు నెలదినములు గీతపని నేర్పించుటకు ఒక డ్రాయింగు ఉపాధ్యాయుని నియమింపుడు. వసతిగృహపు పెరడే వారికి తొలిపాఠము. అందలి నుయ్యి, రెండు వేపచెట్లు, వానకాలమున నీరు నిలుచు ఈశాన్యపు మూల కొలిచి, 1:100 ప్రమాణమున గీచి, పట్టికతోగూడ వచ్చు మహాసభలో గోడకు తగిలింతురుగాక. తప్పులు పట్టు పని మాకు విడువుడు.