నష్టాన్ని ఎక్కడ ఆపుకోవాలి?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని చదువు గురించి మాట్లాడమంటారేమో అనుకున్నాం. కార్యవర్గం వారు బేరసారాల గురించి చెప్పమన్నారు. ఉర్దూ మీడియం పంతుళ్ళకు వ్యాపారమేం తెలుసని వెనక వరసలో నవ్వుతున్నారు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తాం గాని, అంకెలు మాత్రం మేమూ అందరిలాగే రాస్తాం. కాబట్టి ఈ పూట లెక్కే చెబుతాం.

2025లో మన కర్నూలు ఉల్లికి ఏం గతి పట్టిందో మీకు వేరే చెప్పనక్కరలేదు. ధర పడిపోతే ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొనడానికి దిగవలసి వచ్చింది. తర్వాత హెక్టారుకు 50,000 సాయం ప్రకటించారు. అప్పుడు కొందరు రైతులు గడ్డలు పీకకుండానే చేలోకి గొర్రెలను తోలారు. కొందరు ట్రాక్టరుతో దున్నేశారు. చూసినవాళ్ళు "పిచ్చి పట్టిందా, చేతికొచ్చిన పంట" అన్నారు. పిచ్చి కాదు, లెక్క. ఎట్లాగంటే, మాటవరసకు ఎకరాకు అరవై వేలు అప్పటికే పెట్టామనుకుందాం. పీకి, కోసి, సంచులకెత్తి, లారీకి వేసి యార్డుకు చేర్చాలంటే ఇంకో ఇరవై ఐదు వేలు. యార్డులో వచ్చేది పద్ధెనిమిది వేలు. పీకితే నష్టం అరవై ఏడు వేలు, వదిలేస్తే అరవై. అదే యార్డులో ముప్పై వేలు వస్తుందనుకోండి, పీకడమే మేలు. నష్టం ఎట్లాగూ తప్పదు గాని అది యాభై ఐదుకు దిగుతుంది. ఈ రెండు లెక్కల్లోనూ ఆ అరవై వేలు తీర్పు చెప్పలేదు, గమనించండి. అది పోయిన డబ్బు. ఇక ముందు పెట్టేదెంత, ముందు వచ్చేదెంత, అంతే చూడవలసింది.

ఇది చెప్పడానికి సులువుగానే ఉంది. బోరు దగ్గరికి వచ్చేసరికి మన బుద్ధి పనిచేయదు. ఒక బోరు వేశాం, దుమ్ము లేచింది. రెండోది వేశాం, తడి తగిలి ఆగింది. మూడోదానికి టెంకాయ చేతిలో పెట్టుకుని పాయింటు చూపించేవాడిని పిలిపించాం. నాలుగోదానికి ఇంట్లో బంగారం పోయింది. "ఇంత పెట్టి ఇప్పుడు వదిలేస్తే ఎట్లా" అనే ఒక్క మాటే ఐదో బోరు బండిని పిలుస్తుంది. నిజానికి ఎండిన నాలుగు బోర్లు చెప్పే సంగతి వేరే. ఆ నేలలో ఆ లోతున నీళ్ళు లేవని అవి సాక్ష్యం ఇస్తున్నాయి. ఆ సాక్ష్యాన్నే మనం ఐదోదానికి సిఫారసుగా చదువుకుంటున్నాం.

పత్తి సంగతి ఇంకో రకం. 2022లో ఆదోని యార్డులో పత్తి క్వింటాలు పది వేలు దాటింది. ఆ ఏడాది మద్దతు ధర పొడుగు పింజకు 6,025 మాత్రమే. అంత ధర చూసిన కన్ను మరి కిందికి దిగలేదు. మరుసటి ఏడాది ధర తగ్గుతూ వస్తుంటే, పది వేలు మళ్ళీ వస్తుందని ఇళ్ళల్లో పత్తి నింపుకుని కూర్చున్నవాళ్ళున్నారు. ఇంట్లో పత్తి ఊరికే ఉండదు. తూకం తగ్గుతుంది, రంగు మారుతుంది, పిల్లలకు ఒళ్ళంతా దురద. అప్పిచ్చిన అంగడిలో వడ్డీ మాత్రం ఒక్కరోజు సెలవు తీసుకోదు. వడ్డీ హరామని అందరికీ తెలుసు. అది హరామే గాక, నష్టాన్ని నిద్రపోనివ్వని వస్తువు కూడా. అమ్మాలా ఉంచాలా అని తెగనప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. ఈ సరుకు మన ఇంట్లో లేకపోతే, ఈ పూట ధరకు అప్పు చేసి కొంటామా? కొనం అనుకుంటే, ఉంచుకోవడం కూడా కొన్నట్టే.

పిల్లకాయలు ఇప్పుడు సెల్‌ఫోనులో షేర్ల బేరం చేస్తున్నారు. సెబీ 2024లో బయటపెట్టిన లెక్క ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరంలో దిగిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. అందరిదీ కలిపితే లక్షా ఎనభై వేల కోట్లు పైమాటే. పోయిన సొమ్ము రేపు రాబట్టుకుందామని మళ్ళీ దిగడం, క్రికెట్ పందేనికీ దీనికీ ఉన్న చుట్టరికం. దీనిమీద ఇంతకంటే సమయం వృథా చేయం.

మనవాళ్ళు కొందరు అంటారు, వదిలేయడం పిరికితనం, సబర్ ఉండాలి, తక్‌దీర్‌లో ఉంటే వస్తుంది అని. దీనికి జవాబు మేము చెప్పడం కంటే హజ్రత్ ఉమర్ (రజి) కాలం నుంచి వినడం మంచిది. హిజ్రీ 18 ప్రాంతంలో, అంటే క్రీస్తుశకం 639లో, షామ్ దేశంలో ప్లేగు రేగింది. అమ్వాస్ ప్లేగు అంటారు. ఖలీఫా అక్కడికే బయలుదేరి సర్గ్ అనే చోటు దాకా వచ్చారు. కబురు విని ముహాజిర్లను అడిగారు, వాళ్ళలో ఒక మాట లేదు. అన్సార్లను అడిగారు, అక్కడా అంతే. ఖురైష్ పెద్దలు మాత్రం ఏకగ్రీవంగా వెనక్కి మళ్ళమన్నారు. మళ్ళారు. అల్లాహ్ తక్‌దీర్ నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ తక్‌దీర్ నుంచి అల్లాహ్ తక్‌దీర్‌కే పోతున్నామన్నారు ఖలీఫా. ఒకవైపు పచ్చిక, ఒకవైపు బీడు ఉన్న లోయలో ఒంటెలను పచ్చికవైపు తోలినా అల్లాహ్ రాతే, బీడువైపు తోలినా ఆయన రాతే కదా అని ఉపమానం చెప్పారు. గొర్రెలు కాసే మన ఊరివాళ్ళకు ఈ మాట ఇంకెవరూ విప్పి చెప్పనక్కరలేదు. అంత దూరం వచ్చాం గదా అని ముందుకు పోలేదు. నడిచిన దారి వృథా అయిందని బాధపడినట్టూ లేదు. తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న ఊరిలోకి పోవద్దు, మీరున్న ఊరిలో వస్తే పారిపోవద్దు అన్న ప్రవక్త (స) వారి ఆదేశం వినిపించారు. వెనక్కి మళ్ళడానికీ ఒక హద్దు ఉందన్నమాట.

ఆ హద్దు సంగతే మమ్మల్ని ఎక్కువ బాధపెడుతోంది. ఆపవలసిన చోట ఆపనివాళ్ళు, ఆపకూడని చోట ఎంత తొందరగా ఆపుతారో చూడండి. ఐదో బోరుకు అప్పు పుడుతుంది. ఆడపిల్ల పదో తరగతిలో ఒక్క లెక్కల పేపరు పోగొట్టుకుంటే మాత్రం "ఇంక చాలు, ఖర్చు దండగ" అని బడి మాన్పిస్తారు. సప్లిమెంటరీ ఫీజు ఎంత, బోరుకు అడుగు రేటు ఎంత? ఒక్కసారి పక్కపక్కన పెట్టి కూడి చూపించండి మాకు.

ఆ పిల్లదే ఇంకో లెక్క ఉంది. మంగ్నీ అయింది. షామియానాకు బయానా ఇచ్చాం, కార్డులు అచ్చయ్యాయి. నికాహ్ పది రోజులుందనగా అటువైపు నుంచి మోటారు సైకిలు కావాలని కబురు. అది ఇచ్చాక ఇంకో లక్ష. కట్నం తీసుకోవడం 1961 చట్టం ప్రకారం నేరమని అటువాళ్ళకూ తెలుసు, మనకూ తెలుసు. అయినా ఇంట్లో పెద్దలు ఏమంటారు? "ఇంత ఖర్చు పెట్టాం, నలుగురికీ చెప్పాం, ఇప్పుడు తెంచుకుంటే పరువేం గాను?" అయ్యా, కార్డులు, బయానా, మంగ్నీ విందు, ఇవన్నీ ఉల్లి చేలోని అరవై వేలు. పోయాయి. ముందు పెట్టబోయేది మన బిడ్డను. నికాహ్‌కు ముందే ఇట్లా అడిగినవాళ్ళు తర్వాత అడగరని ఏ అంగట్లో రాసిచ్చారు? తెంచుకుని వచ్చిన తండ్రిని చూసి "పాపం, పెళ్ళి చెడింది" అనే నోళ్ళు ఈ సభలో కూడా ఉన్నాయి. అవి ఊరుకుంటే సగం మంది తండ్రులకు ధైర్యం వస్తుంది.

అంగడి మూసేయాలా, గల్ఫ్ ఏజెంటుకు ఇంకో విడత కట్టాలా, ఆ సంబంధం ఉంచుకోవాలా అని తెగక నలుగుతున్నవాళ్ళు జుమా నమాజు తర్వాత మా దగ్గరికి రావచ్చు. కాగితం మీద రెండే వరసలు రాసుకుని రండి: ఇక ముందు పోయేది, ఇక ముందు వచ్చేది. ఇంతవరకు పోయింది ఎంతో మాకు చెప్పనక్కరలేదు, మేమూ అడగం. వచ్చినవాళ్ళ పేరు మసీదు గడప దాటదు.