ఉనాయి వేడినీళ్ళకు పొయ్యి ఎక్కడుంది?



నేతపనికి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు సూరత్‌లో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో పెరిగే పిల్లలకు ఉనాయి పేరు కొత్తకాదు. సూరత్ నుంచి ముంబయి వైపు వెళితే బిలిమోరా వస్తుంది. అక్కడి నుంచి వఘాయ్ దాకా 1913లో వేసిన నేరోగేజి లైను మీద, నవ్‌సారీ జిల్లాలో ఉన్న చిన్న ఊరు ఉనాయి. ఒకప్పుడు ఇది వాంసదా సంస్థానంలోది. అమ్మవారి గుడి, పక్కనే వేడినీటి గుండం, ఇవే ఆ ఊరి ప్రసిద్ధి.

శరభంగ మహర్షి కుష్టు తగ్గడానికి రాముడు బాణం వేసి నీళ్ళు రప్పించాడని స్థలపురాణం. గుజరాతీలో 'ఊనూ' అంటే వేడి, మన 'ఉష్ణం' లాంటి మాటే. ఊరి పేరు అందులోంచి వచ్చిందేమో అని నాకు అనిపిస్తుంది.

ఇంతకీ ఈ నీళ్ళను కాచేదెవరు? ఈ ప్రశ్న అడిగితే క్లాసులో సగం చేతులు లేస్తాయి. "అగ్నిపర్వతం!" అంటారు. తప్పు. అక్కడి నల్లరాయి లావాయే, కాని అది సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటిది. ఎప్పుడో చల్లారిపోయింది.

అసలు సంగతి ఇది. భూమిలోకి దిగేకొద్దీ కిలోమీటరుకు దాదాపు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడి పెరుగుతుంది. వాననీరు రాతి పగుళ్ళగుండా లోతుకు దిగి, వేడెక్కి, మరో పగులు దొరికితే త్వరగా పైకి వస్తుంది. ఒక లెక్క వేయండి. దిగేటప్పుడు నీరు 28 డిగ్రీలు, బుగ్గలో 55 డిగ్రీలు అనుకుందాం. తేడా 27. అంటే నీరు సుమారు ఒక కిలోమీటరైనా దిగివచ్చింది. దారిలో కొంత చల్లారుతుంది కనుక ఇంకా లోతు నుంచే వచ్చి ఉండాలి. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడినీళ్ళు ఉబికి రావడానికీ భూగర్భపు వేడే కారణం.

ఉనాయి వెళ్ళినప్పుడు థర్మామీటరు తీసుకెళ్ళండి. జ్వరం చూసేది కాదు, అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ప్రయోగశాలది కావాలి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం కొలవండి. మూడు అంకెలూ ఇంచుమించు ఒకటే అయితే, ఆ వేడి ఎండది కాదని మీకే తెలుస్తుంది.

వేడినీరు రాతిలోని లవణాలను కరిగించుకుని వస్తుంది. అందుకే దాన్ని ఖనిజజలం అంటాం. ఆ నీటిలో మునిగితే ఒంటినొప్పులు కాస్త సడలవచ్చు. కుష్టు మాత్రం సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు, దాన్ని ఈ లవణాలు చంపలేవు. దక్షిణ గుజరాత్‌లో ఆ జబ్బు ఇంకా కనిపిస్తూనే ఉంది. స్పర్శ తెలియని మచ్చ ఉన్న బిడ్డను స్నానాలకే తిప్పుతూ కూర్చుంటే ఈలోగా నరాలు దెబ్బతింటాయి, వేళ్ళు వంకర పోతాయి. మీ నాయనమ్మ గుండానికి తీసుకెళతానంటే సంతోషంగా వెళ్ళండి. దారిలోనే ప్రభుత్వాసుపత్రిలో ఆ మచ్చ చూపించండి. మందులు ఉచితం, వాడవలసింది 6 నెలలు లేదా 12 నెలలు.